సంపద తేడాకీ వాతావరణ మార్పుకీ మధ్య ఉన్న లెక్కను తప్పులేకుండా చదవడం ఎలా

"ధనికులే భూమిని తగలబెడుతున్నారు" అని ఒకరంటారు. "కాదు, జనాభా పెరిగిపోవడమే అసలు సమస్య" అని ఇంకొకరు. ఇద్దరి చేతిలోనూ ఒక్కో శాతం అంకె ఉంటుంది, ఇద్దరూ దాన్ని రాయిలా విసురుతారు, పది నిమిషాలయ్యాక ఎవరి అభిప్రాయం వాళ్ల దగ్గరే ఉంటుంది. నేనూ చాలాకాలం ఆ రాళ్లు విసిరిన బాపతే. ఒకసారి "ప్రపంచ కాలుష్యంలో 71 శాతం కేవలం 100 కంపెనీలదే" అని తెలిసినవాళ్లందరికీ మెసేజ్ పెట్టాను. ఆ నివేదికను నిజంగా చదివిన ఒకావిడ "మీ బండిలో కాలిన పెట్రోలు కూడా ఆ 71లోనే ఉంది, చూశారా?" అని అడిగారు. చూడలేదు. ఆ రోజు పరువు పోగొట్టుకుని నేర్చుకున్నదే ఇక్కడ రాస్తున్నాను.

సంపదకీ వాతావరణానికీ సంబంధం ఉందా అంటే ఉంది, గట్టిగానే ఉంది. కాకపోతే అది ఒక్క సంబంధం కాదు, మూడు. ఓ కాగితం తీసుకుని మూడు గళ్లు గీయండి: పొగ ఎవరిది, దెబ్బ ఎవరికి, ఖర్చు ఎవరి నెత్తిన. ఏ వార్త కనబడినా, ఏ గ్రాఫు కనబడినా, అది ఏ గడిలోకి వస్తుందో ముందు తేల్చుకోండి. సగం గొడవలు అక్కడే ఆగిపోతాయి, ఎందుకంటే ఒకరు మొదటి గడి గురించి మాట్లాడుతుంటే రెండోవాళ్లు మూడో గడిలోంచి జవాబు చెబుతుంటారు.

మొదటి గడి: పొగ ఎవరిది

అంకె కనబడగానే అడగాల్సిన ప్రశ్న, ఇది దేశానిదా మనిషిదా అని. దేశానిదైతే ఇన్నేళ్లదీ కూడిందా, ఒక్క ఏడాదిదా అని కూడా. 1750 నుంచి ఇంధనాలు కాల్చి గాల్లోకి వదిలిన కార్బన్ డయాక్సైడ్ మొత్తం కూడితే దాదాపు పావు వంతు అమెరికాది, ఆఫ్రికా ఖండం అంతటిదీ కలిపినా 3 శాతం దగ్గరే. పాతదంతా పక్కనపెట్టి ఈమధ్య ఏ ఒక్క ఏడాది తీసుకున్నా చైనాదే మొదటి స్థానం. రెండూ నిజాలే. ఆ వాయువు వందల ఏళ్లు గాల్లోనే ఉండిపోతుంది కాబట్టి "ఇప్పుడున్న వేడి ఎవరి పుణ్యం" అని అడిగితే మొదటి లెక్క కావాలి, "ఇకముందు ఎక్కడ తగ్గించాలి" అంటే రెండోది. ఒక ప్రశ్నకి రెండో దాని జవాబు చెప్పేవాళ్లను అక్కడే పట్టుకోవచ్చు.

ఆ తర్వాత దేశం లోపలికి దిగాలి. ల్యూకా షాన్సెల్ అనే ఆర్థికవేత్త 2022లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, 1990లో మనుషుల ఉద్గారాల (వాళ్లు గాల్లోకి వదిలే పొగ) మధ్య తేడా ఎక్కువగా ఏ దేశంలో ఉన్నారన్నదాన్ని బట్టే ఉండేది. 2019కి ఇది తిరగబడింది, దాదాపు మూడింట రెండొంతుల తేడా దేశాల లోపలే కనబడుతోంది. అంటే పేద దేశంలోని ధనికుడూ ధనిక దేశంలోని పేదవాడూ ఇద్దరూ లేని లెక్క ఇప్పటి ప్రపంచానిది కాదు. దేశం సగటును అడ్డం పెట్టుకుని ఆ దేశంలోని ధనికులు దాక్కోవడం అన్నిచోట్లా జరిగే పనే.

ఇప్పుడు "ధనికులు" అంటే ఎవరు? ఇక్కడ చాలామంది బోల్తా పడతారు. ప్రపంచంలో పై 10 శాతం అనగానే సొంత విమానాలున్నవాళ్లు కళ్లముందు మెదులుతారు గానీ, 2019 జనాభాలో 10 శాతం అంటే దాదాపు 77 కోట్ల మంది. ఆక్స్‌ఫామ్ అనే స్వచ్ఛంద సంస్థ 2020లో వేసిన లెక్కలో, 2015 నాటికి ఆ గుంపులోకి రావడానికి కావలసిన ఏడాది ఆదాయం సుమారు 38,000 డాలర్లు. ధనిక దేశాల్లో నర్సుల్లా మామూలు ఉద్యోగాలు చేసుకునేవాళ్లు కోట్లమంది అందులో ఉన్నారు. పై 1 శాతం అంటే 7.7 కోట్ల మంది. వంద కోట్ల డాలర్లు దాటినవాళ్లయితే ప్రపంచం మొత్తమ్మీద ఏ 3,000 మందో. ఈ మూడు గుంపుల్నీ కలిపి "ధనికులు" అనేస్తే, విమానాల మీద కోపం నర్సు మీద, నర్సు కష్టం చూసి జాలి విమానాల మీద పడుతుంది. శాతం ఎంతో చెప్పకుండా ధనికులు అన్నవాళ్లని "పై ఎంత?" అని అడగండి, చాలు.

ఆదాయం, సంపద ఒకటి కాదన్నది కూడా గుర్తుంచుకోవాలి. ప్రపంచ అసమానతల నివేదిక 2022 ప్రకారం పై 10 శాతం చేతిలో ఏడాది ఆదాయంలో 52 శాతం ఉంటే, పోగుపడ్డ సంపదలో 76 శాతం ఉంది. కింది సగం జనాభాకి సంపదలో దక్కింది 2 శాతం. పొగ లెక్కల్లో కొన్ని ఆదాయాన్ని బట్టి జనాన్ని వరస పెడతాయి, కొన్ని వదిలిన పొగను బట్టే వరస పెడతాయి. కాబట్టి శీర్షికలో "సంపద" అని ఉన్నంత మాత్రాన లోపల కొలిచింది సంపదనే అనుకోకండి.

ఓ అంకెను మీరే సరిచూసుకోవడం ఎలా

ఇది నాకు బాగా ఇష్టమైన భాగం, కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. అదే నివేదికలో 2019కి తలసరి ఉద్గారాలు ఇలా ఉన్నాయి: ప్రపంచ సగటు 6.6 టన్నులు, కింది 50 శాతానికి 1.6 టన్నులు, పై 10 శాతానికి 31 టన్నులు, పై 1 శాతానికి 110 టన్నులు. ప్రపంచంలో వందమందే ఉన్నారనుకోండి. మొత్తం పొగ 660 టన్నులు. కింది 50 మందివి 50 ఇంటూ 1.6, అంటే 80 టన్నులు. 660లో 80 అంటే 12 శాతం. పై పదిమందివి 310 టన్నులు, అంటే 47 శాతం, దాదాపు సగం. అందరికంటే పైనున్న ఆ ఒక్కరివే 110 టన్నులు, 17 శాతం దగ్గర. షాన్సెల్ పరిశోధనలో అచ్చయిన శాతాలు కింది సగానికి 12, పై 10 శాతానికి 48. మన వేళ్ల లెక్క దాదాపు అతికింది చూడండి.

ఈ పద్ధతి ఎక్కడైనా పనికొస్తుంది. ఎవరైనా "పై 1 శాతం వాటా సగం" అంటే, వందమందిలో ఒక్కరే 330 టన్నులు వదలాలి కదా, ఏ అంచనాలో ఉంది అంత, అని అడగొచ్చు. లేదు. మీ పక్షం వాళ్లు చెప్పిన అంకె మీద కూడా ఇదే ప్రయోగం చేయండి, మనకి నచ్చే అంకెల దగ్గరే మన కళ్లు మూసుకుపోతాయి.

ఇంకోటి, మధ్యలో ఉన్న 40 శాతాన్ని మర్చిపోకండి. 660లో 80, 310 తీసేస్తే మిగిలిన 270 టన్నులు వాళ్లవే, 40 శాతం పైమాటే. "ధనికులు మానేస్తే చాలు, మిగతావాళ్లం ఇలాగే ఉండొచ్చు" అనే వాదన ఈ 270 దగ్గర చతికిలబడుతుంది.

ఒకే పొగకి ముగ్గురు యజమానులు

వాతావరణ మార్పు మీద ఐక్యరాజ్యసమితి శాస్త్రవేత్తల సంఘమైన ఐపీసీసీ 2022 నివేదిక తిరగేస్తే పై 10 శాతం ఇళ్ల వాటా 34 నుంచి 45 శాతం అని ఉంటుంది. షాన్సెల్ 48 అన్నాడు. ఆక్స్‌ఫామ్ సగం అంటుంది. వెంటనే "చూశారా, తలో మాట, అన్నీ కాకిలెక్కలే" అనేవాళ్లుంటారు. కాదు, కొలిచిన వస్తువులు వేరు.

ఒక సిమెంటు ఫ్యాక్టరీ ఉందనుకోండి. అది ఒక దేశంలో ఉంది, దానిలో వాటాలు ఇంకో దేశంలోని ఒక పెద్దమనిషివి, సిమెంటు కొని ఇల్లు కట్టుకున్నది మూడో దేశంలోని ఒక కుటుంబం. ఆ చిమ్నీలోంచి వచ్చిన పొగ ఎవరిది? ఫ్యాక్టరీ ఉన్న దేశానిది అనొచ్చు, దేశాల అధికారిక లెక్కలు అలాగే ఉంటాయి. కొనుక్కున్న కుటుంబానిది అనొచ్చు, ఐపీసీసీ చెప్పిన ఆ వాటా ఇలాంటి వినియోగపు లెక్కే. లాభం తీసుకున్న వాటాదారుది అనొచ్చు, షాన్సెల్ పెట్టుబడి కింద వచ్చే పొగను పెట్టుబడి పెట్టినవాళ్ల ఖాతాలోకి తెస్తాడు. మూడూ సబబైన లెక్కలే, మూడింటినీ కూడితే మాత్రం ఒకే పొగను మూడుసార్లు లెక్కపెట్టినట్టు.

ఎప్పుడు ఏది వాడాలి? అలవాట్ల గురించి మాట్లాడుతున్నప్పుడు వినియోగం లెక్క, చట్టాల గురించి అయితే దేశాల లెక్క, సంపద గురించి అయితే మూడోది. నన్నడిగితే అసలు విషయం ఈ మూడో దాంట్లోనే ఉంది. ఎందుకంటే పై 1 శాతం ఖాతాలో పడే పొగలో ఎక్కువ భాగం వాళ్లు తిరిగే కార్లదీ ఉండే ఇళ్లదీ కాదు, వాళ్ల పెట్టుబడులది. మనిషి ఎంత ధనికుడైనా ఒక్క రోజులో ఇరవైనాలుగు గంటలే ఖర్చుపెట్టగలడు, డబ్బుకి ఆ అడ్డు లేదు. పైగా వినియోగం రేపే మార్చుకోవచ్చు, ఈ ఏడాది డబ్బు పెట్టి కట్టిన బొగ్గు విద్యుత్ కేంద్రం మాత్రం ముప్ఫై నలభై ఏళ్లు మండుతూనే ఉంటుంది. సంపద ఉండటమంటే వచ్చే నలభై ఏళ్లలో ఏం కట్టాలి, ఏం కాల్చాలి అన్నది నిర్ణయించే చేతుల్లో ఒకటి మీదవ్వడం. జెట్ విమానాల ఫొటోలు చూసి తిట్టుకోవడం తేలికే, షేర్లకి ఫొటోలుండవు, అదే చిక్కు.

నా 71 శాతం గోల కూడా ఇక్కడే తేలిపోతుంది. 2017లో వచ్చిన ఆ నివేదిక చెప్పింది, 1988 నుంచి వెలువడిన పారిశ్రామిక గ్రీన్‌హౌస్ వాయువుల్లో 71 శాతానికి మూలం 100 ఇంధన ఉత్పత్తిదారులు అని. వాళ్లు తవ్వి అమ్మింది మిగతా ప్రపంచం కాల్చిన పొగే అందులో చాలా ఎక్కువ భాగం. ఆ వందలో ప్రభుత్వాలవి బోలెడున్నాయి, సౌదీ అరామ్‌కో ఉంది, చైనా బొగ్గు రంగాన్ని మొత్తం ఒకే ఉత్పత్తిదారుగా లెక్కేశారు. అంకె తప్పు కాదు, నేను దాన్ని "కంపెనీలే చేశాయి, మనం కాదు" అని చదివాను, అది తప్పు. దీనికి సరిగ్గా ఎదురు దిక్కున ఇంకో తప్పుంది: అంతా మనిషి అలవాటే అనుకోవడం. "కార్బన్ ఫుట్‌ప్రింట్" (ఒక్కో మనిషి ఖాతాలో పడే పొగ లెక్క) అనే మాటని 2000ల మధ్యలో ఊరూవాడా తిప్పినవాళ్లలో బీపీ అనే చమురు కంపెనీ ప్రకటనలు ముఖ్యమైనవి. చమురు అమ్మేవాళ్లే వచ్చి "మీ పొగ ఎంత?" అని అడగడంలోని తమాషా మీకే వదిలేస్తున్నా.

మీ సొంత లెక్క చూసుకోవాలంటే చూసుకోండి, తప్పేం లేదు. విమాన ప్రయాణాలు, కారు, ఇంటి వేడి చల్లదనాల ఖర్చు, ఈ మూడూ ముందు. 2018లో ప్రపంచ జనాభాలో విమానం ఎక్కింది 11 శాతం మందేనని, ప్రయాణికుల విమానాల పొగలో సగం 1 శాతం మందిదేనని ఒక అంచనా ఉంది, కాబట్టి ఏడాదికి రెండు మూడుసార్లు ఎగిరేవాళ్లు మిగతా గీతలన్నీ కొట్టేసి ముందు దాన్నే చూసుకోవాలి. ఆ తర్వాత మీ దాచుకున్న డబ్బు, పెన్షన్ ఫండు ఎందులో పెట్టారో చూడండి. మామూలు కాలిక్యులేటర్లు ఈ ప్రశ్న అడగవు.

అసమానత తగ్గితే పొగ దానంతటదే తగ్గుతుందా

ఇక్కడ ఆగి ఆలోచించాలి, ఉత్సాహంలో దాటేసే చోటు ఇది. ధనికుడి దగ్గర తీసుకుని పేదకి పంచితే మొత్తం పొగ తగ్గి తీరుతుందని రూలేం లేదు. ధనికుడి మొత్తం పొగ చాలా ఎక్కువే, అయితే అతనికి అదనంగా వచ్చిన ఒక్క డాలరులో పొగ తక్కువ ఉండొచ్చు, దాచుకుంటాడు, కళాఖండం కొంటాడు. అదే డాలరు లేనివాడికి వస్తే కరెంటుకీ బండికీ వంటగ్యాసుకీ పోతుంది, అందులో పొగ ఎక్కువ. కాబట్టి ఏం పంచారన్నదే కాదు, ఆ కరెంటు దేంతో తయారైందన్నది కూడా చూడాలి.

అలాగని "పేదరికం పోతే భూమి మాడిపోతుంది" అనేవాళ్ల మాట నమ్మకండి. కడు పేదరికంలో ఉన్నవాళ్లందర్నీ ఆ గీత దాటిస్తే ప్రపంచ ఉద్గారాలు 1 శాతం కూడా పెరగవని 2022లో ఒక పరిశోధన లెక్కగట్టింది. 1990 నుంచి 2019 దాకా పెరిగిన పొగ మొత్తంలో కింది సగం జనాభా వాటా 16 శాతం, పై 1 శాతం వాటా 23. జనాభా వాదన చేసేవాళ్లకి ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూపించండి.

రెండో గడి: దెబ్బ ఎవరికి

ఈ గడిలో చూడాల్సిన మోసం ఒక్కటే: నష్టాన్ని డబ్బుల్లో కొలవడం. వరదొస్తే పెద్ద ఇల్లు పోయినవాడి నష్టం లక్షల డాలర్లు, గుడిసె పోయినవాడిది కొన్ని వందలు. మొత్తం కూడి "ధనిక ప్రాంతానికే ఎక్కువ నష్టం" అని రాస్తారు. మొదటివాడికి బీమా ఉంది, బ్యాంకులో నిల్వ ఉంది, రెండోవాడికి ఆ కొన్ని వందలే సర్వస్వం, దాంతో పిల్లల చదువు ఆగుతుంది, పశువులు అమ్ముడుపోతాయి, అప్పు మొదలవుతుంది. ప్రపంచ బ్యాంకు 2016లో ఈ కోణంలో లెక్కేస్తే ప్రకృతి విపత్తుల దెబ్బ ఏడాదికి 52,000 కోట్ల డాలర్ల వినియోగం కోల్పోవడంతో సమానమని తేలింది, మామూలుగా చెప్పే ఆస్తినష్టం కన్నా చాలా ఎక్కువ. ఏటా 2.6 కోట్ల మంది ఈ దెబ్బకే పేదరికంలోకి జారుతున్నారని కూడా అందులో ఉంది. అందుకే విపత్తు వార్త చదివేటప్పుడు ఎన్ని డాలర్లు అన్నదానితో ఆగకుండా, పోయింది వాళ్లకున్న దాంట్లో ఎంత, మళ్లీ నిలదొక్కుకోవడానికి ఎన్నేళ్లు పడుతుంది అన్నవి వెతకండి.

2022లో పాకిస్తాన్ వరదలు: 3.3 కోట్ల మంది మీద ప్రభావం, 1,700 మందికి పైగా మరణాలు, ఆస్తినష్టం, ఆదాయనష్టం కలిపి 3,000 కోట్ల డాలర్లు. ప్రపంచ ఉద్గారాల్లో ఆ దేశం వాటా 1 శాతం లోపే. మొదటి గడికీ రెండో గడికీ ఉన్న దూరం చూపించడానికి ఇంతకన్నా తిన్నని ఉదాహరణ నాకు దొరకలేదు.

ఎండ సంగతి ఇంకా నిశ్శబ్దంగా జరుగుతుంది. 2030 నాటికి ఎండవేడి వల్ల ప్రపంచంలో పనిగంటల్లో 2.2 శాతం పోతాయని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో అంచనా వేసింది, అంటే 8 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలంత, అందులో సింహభాగం పొలాల్లో, ఆ తర్వాత కట్టడాల దగ్గర. ప్రపంచంలో అతి వేడి ప్రాంతాల్లో ఉన్న 280 కోట్ల మందిలో ఏసీ ఉన్నది 8 శాతం మందికేనని అంతర్జాతీయ ఇంధన సంస్థ 2018లో రాసింది. ఏసీ గదిలోంచి వచ్చే వేడిగాలి కూడా బయట ఉన్నవాడి మీదకే పోతుంది.

ఇక్కడ రెండో గడి మళ్లీ అసమానత దగ్గరికే తిరిగొస్తుంది. భూమి వేడెక్కకపోయి ఉంటే ఎలా ఉండేదో నమూనా వేసి పోల్చిన 2019 నాటి ఒక అధ్యయనం, 1961 నుంచి 2010 దాకా చూస్తే అన్నింటికన్నా ధనిక దేశాలకీ పేద దేశాలకీ మధ్య తలసరి ఆదాయపు తేడా సుమారు 25 శాతం ఎక్కువైందని చెప్పింది. దీన్ని చెప్పేటప్పుడు "అంచనా" అన్న మాట వదలకండి, నమూనా అన్నాక పైకీ కిందకీ వెడల్పు ఉంటుంది. కారణం మాత్రం అర్థం చేసుకోవచ్చు, చల్లటి దేశానికి ఒక డిగ్రీ పెరిగితే సర్దుకుంటుంది, అప్పటికే కాగిపోతున్న దేశానికి అది గోరుచుట్టు మీద రోకటిపోటు.

మూడో గడి: ఖర్చు ఎవరి నెత్తిన

పథకం పేరు ఎంత పచ్చగా ఉన్నా మూడే అడగండి: డబ్బు ఎవరి దగ్గర తీస్తున్నారు, ఎవరికి వెళ్తోంది, తీసేది ముందా ఇచ్చేది ముందా. ఫ్రాన్స్‌లో 2018లో సంపద పన్నును స్థిరాస్తులకే పరిమితం చేశారు, అదే కాలంలో ఇంధనం మీద కార్బన్ పన్ను పెంచుతూ పోయారు. కారు లేకుండా పనికి వెళ్లలేని ఊళ్లలో జనం పసుపు జాకెట్లు వేసుకుని రోడ్ల మీదకొచ్చారు, డిసెంబరులో ప్రభుత్వం తర్వాతి పెంపును వదులుకుంది. దాన్ని "పేదలకి పర్యావరణం పట్టదు" అని చదివినవాళ్లు చాలామంది, ఆ రెండు పన్నుల్నీ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు తక్కువ. స్విట్జర్లాండ్‌లో 2008 నుంచి ఇళ్లు వేడిచేసే ఇంధనాల మీద కార్బన్ సుంకం ఉంది, జనానికి తిరిగిచ్చే భాగాన్ని తలకి ఇంతని సమానంగా ఆరోగ్య బీమా బిల్లులో తగ్గిస్తారు. పెద్ద ఇల్లున్నవాడు ఎక్కువ కట్టి సమానంగా పొందుతాడు, కాబట్టి చిన్న ఇంటివాడు బాగుపడతాడు. పన్ను రెండుచోట్లా కార్బన్ మీదే, తేడా అంతా తిరుగు ప్రయాణంలో ఉంది.

దేశాల మధ్య కూడా ఇవే ప్రశ్నలు. 2020 కల్లా ఏటా 10,000 కోట్ల డాలర్లు ఇస్తామని ధనిక దేశాలు 2009లో కోపెన్‌హేగన్‌లో మాటిచ్చాయి, వాళ్ల సొంత లెక్కల్లోనే అది మొదటిసారి అందింది 2022లో. అందులోనూ ఎక్కువ భాగం అప్పు. ఇల్లు కాలినవాడికి వడ్డీకి నీళ్లిచ్చినట్టు. ఇలాంటి ప్రకటన ఏది చూసినా మొత్తం పక్కన "ఉచితమా, అప్పా" అని రాసుకోండి. సముద్రమట్టం పెరిగితే నష్టపోయే దేశాలకి పరిహారం కావాలని వనువాటు అనే చిన్న ద్వీపదేశం 1991లోనే అడిగితే, నష్టపరిహార నిధికి ఒప్పుకోవడానికి 2022 దాకా పట్టింది.

డబ్బు ఎక్కడినుంచి అన్నదానికి ప్రతిపాదనలు లేకపోలేదు. గాబ్రియేల్ జుక్‌మన్ అనే ఆర్థికవేత్త 2024లో జీ20 దేశాల కూటమి కోసం వేసిన లెక్కలో, ఆ 3,000 మంది బిలియనీర్ల మీద సంపదలో కనీసం 2 శాతం పన్నుగా పడేలా చూస్తే ఏటా 20,000 నుంచి 25,000 కోట్ల డాలర్లు వస్తాయి. అది జరుగుతుందా లేదా అన్నది వేరే గొడవ, పైన చెప్పిన 10,000 కోట్ల పక్కన ఈ అంకె పెట్టి చూస్తే మాత్రం "డబ్బు లేదు" అన్న మాట కాస్త పలచబడుతుంది.

వాక్యాన్ని తిరగరాయడం

చివరి పని ఇది. మీ వాదనని ఏడాది, ఎవరు, ఏం కొలిచారు అన్న మూడు ముక్కలతో మళ్లీ రాయండి. "ధనికులే భూమిని తగలబెడుతున్నారు" అన్నది ఇలా మారుతుంది: "2019లో, వినియోగం, పెట్టుబడులు రెండూ కలిపి లెక్కిస్తే, ప్రపంచంలో ఎక్కువ పొగ వదిలే పై 10 శాతం మంది వాటా దాదాపు సగం, కింది సగం జనాభా వాటా 12 శాతం." "జనాభాయే సమస్య" అనేవాళ్లని కూడా వాళ్ల వాక్యం ఇలాగే రాయమనండి, రాస్తూ రాస్తూ చాలామంది మధ్యలో ఆగిపోతారు.

నా 71 శాతం మెసేజ్‌ని కూడా ఇలాగే సరిచేసి అదే చోట మళ్లీ పెట్టాను. నాలుగు లైన్లయింది. మొదటిదాన్ని పద్నాలుగు మంది ముందుకి పంపారు, దీన్ని ఆవిడ ఒక్కరే.